నెలకు 4,500 కిలోమీటర్లు తిరగాలి, సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు: ఈ నాలుగింటిలో ఏది?

హన్మకొండ_రోడ్డు:

అందరికీ నమస్తే. ఉండేది హన్మకొండ. పని మీద వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోవాలి, పొద్దున పోతే రాత్రికి ఇల్లు చేరాలి. సిటీలో తిరిగేది కూడా కలుపుకుంటే రానుపోను 300 కిలోమీటర్లు. మిగతా రోజుల్లో కరీంనగర్ రానుపోను 140, ఖమ్మం 240. అంతా కలిపి నెలకు 4,500 దాకా తేలుతోంది. ఇప్పుడున్న డీజిల్ బండి లీటరుకు 18 ఇస్తుంది. నెలకు 250 లీటర్లు, 24 వేలు పంపులోనే పోతున్నయి. సొంత ఇల్లే, కింద పార్కింగ్ ఉంది, మీటరు 5 కిలోవాట్ల లోడు.

నాలుగు బండ్లు చూసి పెట్టుకున్న.

ఒకటి: 2021 టాటా నెక్సాన్ ఈవీ, 30.2 యూనిట్ల బ్యాటరీ, 28 వేలు తిరిగింది, 7.25 లక్షలు చెప్తున్నరు.
రెండు: 2022 జులై నెక్సాన్ ఈవీ మ్యాక్స్, 40.5 యూనిట్లు, 71 వేలు, 9.75 లక్షలు.
మూడు: 2022 ఎంజీ జెడ్ఎస్ ఈవీ, 50.3 యూనిట్లు, 58 వేలు, 12 లక్షలు.
నాలుగు: ఫ్లీట్‌లో తిరిగిన ఎక్స్‌ప్రెస్-టి, 21.5 యూనిట్లు, 1.1 లక్షలు తిరిగింది, 4.25 లక్షలు.

రెండో బండి డీలరు స్క్రీన్ మీద చూపించి "బ్యాటరీ ఇంకా 98 శాతం ఉంది సార్" అన్నడు. 71 వేలు తిరిగిన బ్యాటరీ 98 ఉంటదా? అసలు బ్యాటరీ ఎట్ల చూడాలె? ఎక్కువ తిరిగేవాళ్లకు ఈ నాలుగింట్ల ఏది పనికొస్తది?

లెక్కల_మాస్టారు:

ముందు ఆ 98 సంగతి. స్క్రీన్ మీద పెద్దగా కనిపించే శాతం, ఆ పూట ఎంత ఛార్జ్ ఉందో చెప్పేది. రాత్రి ఛార్జింగ్ పెట్టి వదిలేస్తే ముసలి బండి కూడా 98 చూపిస్తుంది. బ్యాటరీ కొత్తప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అన్నది వేరే లెక్క. బండి డ్యాష్‌బోర్డు మీద అది సాధారణంగా కనిపించదు. డీలరుకు తెలియక అన్నాడో, మీకు తెలియదని అన్నాడో మీరే తేల్చుకోవాలి.

ఇక మీ తిరుగుడు చూద్దాం. నాలుగు లైన్ల రోడ్డు మీద 90 వేగం, ఏసీ 24లో పెడితే ఈ సైజు బండ్లు కిలోమీటరుకు 150 వాట్-అవర్లు తింటాయి. 110 దాటితే 180 వైపు వెళ్తుంది, కాబట్టి మీ చేతిలో ఉన్న మొదటి అదుపు స్పీడే. 150 లెక్కన హైదరాబాద్ ట్రిప్పు మొత్తానికి 45 యూనిట్లు కావాలి. యూనిట్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, వెయ్యి వాట్-అవర్లు, కొత్తదేం కాదు. ఇల్లు చేరేసరికి బ్యాటరీలో 15 శాతం మిగలాలనుకుందాం. అంతకన్నా తక్కువతో రోజూ ఇల్లు చేరాలని ప్లాన్ వేసుకోవడం తెలివి కాదు. ఒక ఛార్జర్ పనిచేయకపోతే రోడ్డు పక్కన కూర్చోవాలి.

ఒకటో బండి 94 శాతం ఆరోగ్యంగా ఉందనుకున్నా 28 యూనిట్లకు మించి పట్టదు. పొద్దున హైదరాబాద్ చేరేసరికే 22 అయిపోతాయి. తిరిగి రావాలంటే కనీసం 21 యూనిట్లు బయట ఎక్కించాలి. ఆ బండి డీసీ ఛార్జర్ (బయట ఉండే ఫాస్ట్ ఛార్జర్) మీద కూడా 25 కిలోవాట్ల దరిదాపుల్లోనే తీసుకుంటుంది, 80 శాతం దాటాక ఇంకా మందగిస్తుంది. గంటా పది నిమిషాలు, వారానికి రెండుసార్లు. కరీంనగర్‌కైతే బ్రహ్మాండం, హైదరాబాద్‌కు శిక్ష.

రెండోది 92 శాతం ఉందనుకుంటే 37 యూనిట్లు. 45 ప్రయాణానికి, 15 శాతం నిల్వకు ఐదున్నర, మొత్తం 50 పైచిలుకు. అంటే 13 యూనిట్లు దారిలో ఎక్కించాలి. డీసీ మీద అరగంట. జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ వైపు ఎక్కడైనా టీ తాగే టైము. మూడోది 93 శాతం అనుకుంటే 47 యూనిట్లు. ఐదారు యూనిట్లు చాలు, పావుగంట. వేగం 80 దగ్గర పట్టుకుంటే అదీ అక్కర్లేకపోవచ్చు. నాలుగోది కొత్తప్పుడే హైదరాబాద్‌కు ఒకవైపు వెళ్లేసరికి ఖాళీ. దాన్ని లిస్టులోంచి కొట్టేయండి.

ఇప్పుడు అసలు మాట. మీలాగా ఏడాదికి 54 వేలు తిరిగేవాళ్లు బండి ఏ సంవత్సరం మోడల్ అన్నది రెండో ప్రశ్నగా పెట్టుకోవాలి. మొదటి ప్రశ్న: బ్యాటరీ వారంటీలో ఇంకా ఎన్ని కిలోమీటర్లు మిగిలాయి? టాటా బ్యాటరీ, మోటారు వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఎంజీది బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,50,000. ఆదివారం గుడికి తీసేవాడికి 8 ఏళ్లు ముందు వస్తాయి. మీకు కిలోమీటర్లే ముందు అయిపోతాయి.

ఒకటో బండికి మిగిలింది 1,32,000. మీ తిరుగుడుకు 29 నెలలు. రెండోదానికి 89,000, అంటే 20 నెలలు కూడా నిండవు. మూడోదానికి 92,000, 20 నెలల చిల్లర. బేరం ఆడేటప్పుడు ధరను మిగిలిన వారంటీ కిలోమీటర్లతో భాగించి చూడండి: ఒకటోది కిలోమీటరుకు ఐదున్నర రూపాయలు, రెండోది 11, మూడోది 13. వారంటీ అయిపోయిన రోజే బండి చచ్చిపోదు కాబట్టి ఇదే ఆఖరి తీర్పు కాదు. కానీ 2022 మోడల్, సింగిల్ ఓనర్ అంటూ డీలరు చెప్పే పాటకు ఇది మంచి జవాబు. మీకు సరిపోయేది నిజానికి ఈ నాలుగూ కాదు. 40 యూనిట్లు దాటిన బ్యాటరీ, 35 వేలలోపు తిరిగిన బండి, ఇంకో ఏడాది పాతదైనా పర్వాలేదు. రెండు మూడు నెలలు ఆగగలిగితే అది వెతకండి.

డబ్బు లెక్క మ్యాక్స్‌కి వేశాను. నెలకు 675 యూనిట్లు చక్రాలకు కావాలి. అందులో 105 బయట డీసీ మీద, యూనిట్ 22 రూపాయలనుకుంటే 2,300. మిగతా 570 ఇంట్లో, ఛార్జింగ్‌లో 12 శాతం వేడిగా పోతుంది కాబట్టి మీటరు మీద 650 పడుతుంది. పై శ్లాబులో యూనిట్ తొమ్మిదిన్నర అనుకున్నా 6,200. మొత్తం ఎనిమిదిన్నర వేలు. డీజిల్ మీద నెలకు 15 వేలు మిగులు. అంతా బయటే ఛార్జ్ చేస్తే ఈ మిగులు తొమ్మిది వేలకు పడిపోతుంది. ఇంట్లో ఛార్జింగ్ లేనివాళ్లకు నేను ఈ సలహా ఇవ్వను.

హన్మకొండ_రోడ్డు:

మాస్టారూ, దండం. నాలుగోది కొట్టేసిన. ఒకటోది కూడా దాదాపు పోయినట్టే. రెండు, మూడు బండ్లను ఈ వారం తీసుకొని చూస్త. ఏమేం చూడాలో ఎవరన్నా వరుసగా చెప్తరా? పాత మెకానిక్‌ను తీసుకపోతే ఆయన బానెట్ తెరిచి "ఇంజనే లేదు, నేనేం చూడాలె" అంటున్నడు.

ఓల్టుమీటరు:

మెకానిక్‌ను తీసుకెళ్లండి, ఆయన పనులు చాలా ఉన్నాయి. ఆ సంగతి తర్వాత. ముందు బ్యాటరీ.

బండిని ముందురోజు రాత్రి స్లో ఛార్జింగ్‌లో 100 దాకా పెట్టమనండి. 95లో పీకేస్తే ఒప్పుకోకండి. ఈ టాటా బండ్లలో ఉండే ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం సెల్స్‌కు వోల్టేజి మధ్యలో చాలాసేపు సమంగా ఉంటుంది. 70 శాతానికీ 40 శాతానికీ పెద్ద తేడా కనిపించదు. అందుకే అప్పుడప్పుడూ నిండా ఎక్కించి, చివర్లో సెల్స్ అన్నీ సరిసమానం అయ్యేదాకా వదలాలి. లేకపోతే శాతం చూపించే లెక్కే తప్పుతుంది. ఎప్పుడూ డీసీ మీద 80 దాకా మాత్రమే ఎక్కించిన బండిలో 30 శాతం నుంచి ఒక్కసారిగా 12కు పడిపోయేది ఇందుకే. అది బ్యాటరీ పోయినట్టు కాకపోవచ్చు, లెక్క తప్పినట్టు. రెండు మూడుసార్లు నిండా స్లో ఛార్జ్ చేస్తే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఒక సెల్ బలహీనమైందని అనుమానించాలి.

పొద్దున ట్రిప్ మీటరు సున్నా చేసి, ఏసీ 24, వేగం 85-90, కనీసం 100 కిలోమీటర్లు తోలండి. 20 కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్‌తో ఏమీ తేలదు, శాతంలో ఒక్క అంకె అటూ ఇటూ అయినా లెక్క తారుమారు. ఆగాక మూడు అంకెలు రాసుకోండి: దూరం, సగటు వినియోగం, తగ్గిన శాతం. ఉదాహరణకు 110 కిలోమీటర్లు, సగటు 140, తగ్గింది 41 శాతం. 110ని 140తో గుణించి వెయ్యితో భాగిస్తే 15.4 యూనిట్లు. దాన్ని 0.41తో భాగిస్తే 37.6. కొత్తప్పుడు 40.5, అంటే దాదాపు 93 శాతం ఆరోగ్యం. మూణ్నాలుగు శాతం పొరపాటు ఉంటుంది, కానీ 80 ఉన్నదాన్ని 93గా చూపించదు.

ఇంకా ఖచ్చితంగా కావాలంటే 10 శాతానికి దించి, మధ్యలో యూనిట్ల మీటరు ఉన్న స్లో ఛార్జర్‌తో 100 దాకా ఎక్కించండి. మీటరు చూపిన యూనిట్లను 0.88తో గుణించి 0.9తో భాగించండి. 30.2 బ్యాటరీకి మీటరు 31 చూపిస్తే కొత్తలాగే ఉంది. 27.5 చూపిస్తే 26.9 యూనిట్లే పడుతోంది, 89 శాతం. ఒక రాత్రి పని, అమ్మేవాడు ఒప్పుకోవాలి.

మూడో పరీక్ష, కంపెనీ సర్వీస్ సెంటర్లో బ్యాటరీ హెల్త్ రిపోర్టు. వాళ్ల స్కానర్‌తో ఒక్కో సెల్ వోల్టేజి కనిపిస్తుంది. 15-20 శాతం ఛార్జ్ ఉన్నప్పుడు తీయించండి. నిండుగానో సగంలోనో తీస్తే బలహీనమైన సెల్ మిగతావాటి మధ్య దాక్కుంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఎక్కువ వోల్టేజి సెల్‌కూ తక్కువ సెల్‌కూ తేడా 30 మిల్లీవోల్టుల లోపు ఉంటే హాయి. 100 దాటితే ఆ బండి వదిలేయండి, లేదా వారంటీలో సరిచేయించాకే డబ్బు కట్టండి. బజార్లో దొరికే, బండి కంప్యూటరు అంకెలు చదివే చిన్న బ్లూటూత్ ఓబీడీ ముక్క, ఫోన్ యాప్ కొన్ని మోడళ్లకే సరైన అంకెలు ఇస్తాయి. అన్నిటికీ నమ్మకండి.

తర్వాత ఛార్జింగ్ మూత తెరవండి. దీన్ని ఎవరూ సరిగా చూడరు. ఫోన్ టార్చి వేసి ఒక్కో రంధ్రం లోపలికి చూడండి. పైన గుండ్రంగా ఉండేది స్లో ఛార్జింగ్‌ది, కింద రెండు లావు పిన్నులు డీసీవి. పిన్నులు వెండిలా మెరవాలి. చుట్టూ ప్లాస్టిక్ ముదురు తేనె రంగుకు తిరిగినా, అంచు మెత్తబడి వంకర పోయినా అక్కడ వేడి పుట్టింది. వదులు సాకెట్‌తో రోజూ తొమ్మిది గంటలు 15 ఆంపియర్లు లాగితే జరిగేది అదే. బండితో వచ్చిన పోర్టబుల్ ఛార్జర్ ప్లగ్గు కూడా చూడండి, కథ అక్కడే మొదలవుతుంది. ఛార్జింగ్ గన్ను పెట్టాక లాక్ టక్‌మని పడాలి, ఆపాక ఒక్క నొక్కుకే వదలాలి. ఒకసారి డీసీ మీద, ఒకసారి 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్ (గోడకు బిగించే ఛార్జరు) మీద పెట్టి ఎంత తీసుకుంటోందో అంకె చూడండి. మ్యాక్స్‌ను 3.3, 7.2 రెండు ఆప్షన్లతో అమ్మారు. కాగితాన్ని నమ్మకండి, అంకెను నమ్మండి. 3.3 మీద ఆ బ్యాటరీ నిండడానికి 15 గంటలు పడుతుంది. రోజూ తిరిగే మీకు అది పనికిరాదు. వాల్ బాక్స్ పాత ఓనరు గోడకే ఉండిపోతుంది, బండితోపాటు విప్పి ఇస్తాడా అని ముందే అడగండి.

ఇక మీ మెకానిక్ పని. బండిని ర్యాంపు ఎక్కించండి. బ్యాటరీ పెట్టె అడుగున గీతలుంటే పర్వాలేదు, సొట్ట ఉంటే పర్వా ఉంది. స్పీడ్ బ్రేకర్‌కో రాయికో తగిలి లోపలికి నొక్కుకుపోయిందంటే రేపు కంపెనీ వారంటీ ఇవ్వనని చెప్పడానికి అదే సాకు. నారింజ రంగు కేబుళ్లను, వాటి క్లిప్పులను చూడండి, కూలెంట్ చెమ్మ ఉందేమో చూడండి. కూలెంట్ ట్యాంకులో లెవెల్ మాటిమాటికీ తగ్గుతోందంటే లీకు ఎక్కడుందో తేలేదాకా కొనొద్దు. బరువు ఎక్కువ కాబట్టి ముందు లోయర్ ఆర్మ్ బుష్షులు, లింక్ రాడ్లు, వీల్ బేరింగులు పెట్రోలు బండికన్నా త్వరగా అరుగుతాయి. ఇంజను చప్పుడు లేదు కాబట్టి 60 దాటాక బేరింగు హోరు స్పష్టంగా వినబడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా తోలితే టక్ టక్ వస్తే డ్రైవ్ షాఫ్ట్. ముందు టైర్ల లోపలి అంచు చేత్తో తడిమి చూడండి, బయటినుంచి కొత్తగా కనిపించి లోపల నున్నగా ఉంటాయి. బ్రేక్ ప్యాడ్లు మాత్రం చాలాకాలం వస్తాయి, రీజెన్ (మోటారే వేగం తగ్గిస్తూ బ్యాటరీని నింపడం) వల్ల వాడకమే తక్కువ. అందుకే డిస్కులు తుప్పు పడతాయి, కాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి.

12 వోల్టుల చిన్న బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడగండి. మూణ్నాలుగేళ్లు దాటి ఇంకా పాతదే ఉంటే దానికి డబ్బు తగ్గించండి. అది బలహీనపడితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి లేవదు. సంబంధం లేని వార్నింగులన్నీ ఒకేసారి వెలుగుతాయి, జనం పెద్ద బ్యాటరీ పోయిందని కంగారుపడతారు. ఆన్‌బోర్డ్ ఛార్జరు (బండి లోపల ఉండేది), చిన్న బ్యాటరీని నింపే డీసీ-డీసీ కన్వర్టరు 8 ఏళ్ల వారంటీలో ఉన్నాయో లేదో వారంటీ పుస్తకం తెరిచి చదవండి. ఎక్కువ పుస్తకాల్లో ఆ 8 ఏళ్లు బ్యాటరీకి, మోటారుకే. మిగతావి మామూలు వారంటీతోనే ముగుస్తాయి.

చివరగా, నీళ్లలో మునిగిన బండి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు చాలా కార్లు మునిగాయి. శుభ్రం చేసిన సీటు కింద కూడా పట్టాల మూలల్లో సన్నటి బురద పొడి మిగులుతుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, మరక గీత కనిపిస్తుంది. స్పేర్ టైరు గుంట, కార్పెట్ అడుగు వాసన. అనుమానం వస్తే ఎంత చవకైనా వద్దు.

పాత_డీజిలే_మేలు:

ఇన్ని పరీక్షలు పెళ్లిచూపులకు కూడా చేయరు. లక్షన్నర కిలోమీటర్లు దాటాక బ్యాటరీ పోతే బండి ధరలో సగం పైన పెట్టాలి. ఎక్కువ తిరిగేవాడికి ఆ భయం ఎందుకు? ఇంకో డీజిల్ తీసుకుంటే పోలా?

లెక్కల_మాస్టారు:

భయం న్యాయమైనదే, కానీ కొలత వేద్దాం. 40.5 బ్యాటరీ నిండా ఒకసారికి 250 కిలోమీటర్లు అనుకోండి, 1,60,000 తిరిగేసరికి 640 సార్లు నిండి ఖాళీ అయినట్టు. ఎల్ఎఫ్‌పీ సెల్స్ మామూలుగా 2,000 సార్లు దాటాకే 80 శాతానికి వస్తాయి. అంటే తిరగడం వల్ల అరిగిపోయే ప్రమాదం తక్కువ. ప్యాక్‌లో ఒక మాడ్యూలు, ఒక సెన్సర్ తీగ, ఒక కాంటాక్టర్ (పెద్ద స్విచ్చు) పోయి బండి నిలబడటమే ఎక్కువ. అది మాడ్యూలు మార్చో, తీగ మార్చో బాగవుతుంది. మొత్తం ప్యాక్ మార్చాలన్న మాట విన్న వెంటనే ఒప్పుకోకూడదు.

ఇంకోటి, ఆయనకు నెలకు 15 వేలు మిగులుతోంది. వారంటీ ఉన్న 20 నెలల్లో మూడు లక్షలు. ఆ మూడు లక్షలు ఖర్చు పెట్టకుండా పక్కన పెట్టగలిగితే అదే బ్యాటరీ నిధి. పెట్టలేకపోతే మీ డీజిల్ మాటే సరి.

కాగితాల_పిచ్చి:

బండి నచ్చాక కాగితాల దగ్గర మోసపోయేవాళ్లే ఎక్కువ, అందుకే కొన్ని మాటలు.

నంబరు ప్లేటు. ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలైతే సొంత బండి, ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలైతే ట్రాన్స్‌పోర్టు. మీ నాలుగో బండి రెండో రకం. దాన్ని సొంతానికి మార్చుకోవాలంటే పర్మిట్ సరెండర్, బాకీ క్లియరెన్సు, ఫైనాన్స్ ఎన్‌వోసీ, మళ్లీ ఆర్టీవో ముందు బండి. 80 వేగం దాటనివ్వని గవర్నర్ (స్పీడ్ లిమిటర్) కూడా ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో బ్లూస్మార్ట్ అనే ఎలక్ట్రిక్ క్యాబ్ కంపెనీ ఆగిపోయాక ఫ్లీట్ బండ్లు చవకగా కనిపిస్తున్నాయి కాబట్టి ఇది చదివే మిగతావాళ్లకు చెప్తున్నా: ఫ్లీట్ బండి కిలోమీటర్లకన్నా, నెలల తరబడి కదలకుండా నిలబడిందా అన్నది ముఖ్యం. ఖాళీ బ్యాటరీతో యార్డులో ఎండకు నిలబడిన బండి, రోజూ తిరిగిన బండికన్నా ప్రమాదం.

తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వచ్చింది, అంతకు ముందు టీఎస్. 2022 మోడల్ బండికి టీజీ నంబరు ఉంటే దాదాపుగా అది బయటి రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టర్ అయినట్టే. అందులో తప్పేం లేదు, కానీ సర్వీసు చరిత్ర ఆ రాష్ట్రం నుంచే అడగాలి. ఇంకా ఢిల్లీ, కర్ణాటక నంబరుతోనే ఉంటే ఫారం 28 ఎన్‌వోసీ చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. ట్యాక్స్ ఎంత పడుతుందో మీ ఆర్టీవోలో ముందే కనుక్కోండి, "ఈవీకి ట్యాక్స్ లేదు సార్" అన్న డీలరు మాట మీద కాదు. రాష్ట్రంలో బండికైతే పేరు మార్పుకు ఫారం 29, 30, లోను ఉంటే 35.

మీటరు తిప్పారేమో తేలాలంటే ఛాసిస్ నంబరుతో సర్వీస్ సెంటర్లో ప్రతి సర్వీసు తేదీ, కిలోమీటర్లు ప్రింటు తీయించండి. ఏడాదికి ఒకసారి 20 వేలు పెరుగుతూ వచ్చింది ఉన్నట్టుండి 4 వేలకు పడిపోతే ఎందుకో అడగండి. కంపెనీ యాప్‌లోంచి పాత ఓనరు ఖాతా తీయించి మీది ఎక్కించుకోవాలి, లేకపోతే మీ బండి ఎక్కడుందో ఆయనకు ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది. ఇన్సూరెన్సు 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది ఆయనతోనే పోతుంది.

ఇంటి కనెక్షన్ గురించి ఎవరూ చెప్పలేదు. 5 కిలోవాట్ల లోడు మీద 7.2 వాల్ బాక్స్, పైన ఏసీ, గీజరు నడవవు. కరెంటు కంపెనీ ఎన్‌పీడీసీఎల్‌లో లోడు పెంచమని దరఖాస్తు పెట్టండి, ఈవీ ఛార్జింగ్‌కు వేరే మీటరు కూడా అడగండి. వేరే కేటగిరీ దొరికితే ఇంటి బిల్లు పై శ్లాబులోకి ఎక్కదు. మీటరు నుంచి వాల్ బాక్స్‌కు 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దూరం 20 మీటర్లు దాటితే 10. లోడు ఎక్కువైతే కట్ చేసే 40 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల టైప్-ఏ ఆర్‌సీసీబీ. ఎర్తింగ్ గుంత కొత్తది తవ్వించండి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి రెండు మూడు దాటితే చాలా ఛార్జర్లు మొదలే కావు. మన పాత ఇళ్లలో బండిది తప్పనుకునే సమస్యల్లో సగం ఇదే.

హన్మకొండ_రోడ్డు:

చూసొచ్చిన. రెండూ నిండా ఛార్జ్ చేపించి తోలిన.

రెండోది, మ్యాక్స్: 112 కిలోమీటర్లు, సగటు 146, 100 నుంచి 56కు వచ్చింది. వాల్ బాక్స్ మీద 7 చూపించింది. సర్వీసులు అన్నీ కంపెనీలోనే. ఛార్జింగ్ పోర్టులో పైన ఒక పిన్ను చుట్టూ గోధుమ రంగు ఉంది, ఓల్టుమీటరు గారు చెప్పినట్టే. పోర్టబుల్ ఛార్జర్ ప్లగ్గు కూడా ఒక కాలు నల్లగ ఉంది. ముందు టైర్లు లోపల పోయినయి.

మూడోది, జెడ్ఎస్: 110 కిలోమీటర్లు, సగటు 152, 100 నుంచి 65. పోర్టు శుభ్రంగ ఉంది. కానీ ఆఖరి సర్వీసు 36 వేల దగ్గర, తర్వాత 22 వేల కిలోమీటర్లు బయట చేపించిండట. రసీదులు లేవు.

ఓల్టుమీటరు:

మంచి అంకెలు తెచ్చారు. మ్యాక్స్: 112 ఇంటూ 146 అంటే 16.35 యూనిట్లు, 0.44తో భాగిస్తే 37.2. 92 శాతం. 71 వేలకు ఇది ఆరోగ్యమే. జెడ్ఎస్: 16.7ను 0.35తో భాగిస్తే 47.8, అంటే 95 శాతం. బ్యాటరీల మధ్య గొడవ లేదు, రెండూ బాగున్నాయి.

మ్యాక్స్ పోర్టు కాలింది పాత ఓనరు సాకెట్ వల్ల. ప్లగ్గు నల్లబడటమే సాక్ష్యం. ఇది వారంటీలో అడిగే విషయం కాదు, అమ్మేవాడి ఖర్చుతో పోర్టు మార్పించాలి. మార్చాక మళ్లీ 7.2 మీద కనీసం రెండు గంటలు పెట్టి, మధ్యలో ఆగిపోకుండా ఉందా చూడండి. ఆగుతూ ఉంటే వేడి బండి లోపలి ఛార్జరు దాకా పాకింది, అప్పుడు వదిలేయండి. ఆ పోర్టబుల్ ఛార్జర్‌ను ఇంటికి తెచ్చుకోవద్దు. రెండు ముందు టైర్లు, అలైన్‌మెంటు మీ లెక్కలో వేసుకోండి. పోర్టు వాళ్లు మార్చి ఇస్తే తొమ్మిది లక్షలకు పైన ఇవ్వకండి, మాస్టారి లెక్కలో అప్పుడు కిలోమీటరుకు పది రూపాయలు.

జెడ్ఎస్ మీ హైదరాబాద్ ట్రిప్పుకు మెరుగైన బండి, అందులో సందేహం లేదు. ఖమ్మం కూడా దారిలో ఆగకుండా పోయి రావచ్చు. మ్యాక్స్‌తో ఖమ్మం వెళ్తే సింగిల్ రోడ్డు మీద వేగం తక్కువ కాబట్టి వచ్చేస్తారు గానీ ఇల్లు చేరేసరికి ఆరేడు యూనిట్లకు మించి ఉండవు. కానీ సర్వీసు గ్యాపు ఉన్న బండికి 12 లక్షలు పెట్టడమంటే, ఉందో లేదో తెలియని 92,000 కిలోమీటర్ల వారంటీని కొనడం. కంపెనీ సర్వీస్ సెంటర్లో పూర్తి తనిఖీ చేయించి, బ్యాటరీ వారంటీ ఇంకా అమలులో ఉందని, రెండో ఓనరుకు బదిలీ అవుతుందని రాసిమ్మని అడగండి. రాసిస్తే 11.25కి జెడ్ఎస్ తీసుకోండి. రాయలేమంటే మారు మాట్లాడకుండా మ్యాక్స్ వైపు వెళ్లండి.

రాసిచ్చేది వాట్సాప్ మెసేజ్ కాకూడదు. లెటర్‌హెడ్ మీద, ఛాసిస్ నంబరుతో, ఆ రోజు మీటరు కిలోమీటర్లు వేసి, ముద్రతో.